ఈకలు పీక్కునే పిట్టకు ఏ సూది వేయాలి

నేను రిటైరయ్యే ముందు వారం, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక డాక్టరమ్మాయి నా గదిలోకి వచ్చింది. "మేడమ్, చిలుక తన ఈకలు తానే పీక్కుంటుంటే మీరు ఏ ఇంజెక్షన్ వేస్తారు?" అని అడిగింది. మందు పేరు, మోతాదు చెబితే వినేసి వెళ్ళిపోదామని నిలబడే ఉంది. నేను కుర్చీ చూపించాను. ఆ రోజు గంటసేపు మాట్లాడినా సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్నగారు రైల్వేలో పనిచేయడానికి శ్రీకాకుళం నుంచి రాయపూర్ వచ్చారు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పల్లెల నుంచి పశువుల్ని తోలుకొచ్చేవాళ్ళతో ఛత్తీస్‌గఢీ. పశువుల డాక్టరుగా నా ఉద్యోగంలో చాలా భాగం ఆవులు, గేదెలు, మేకలతోనే గడిచింది. మా చదువులో పక్షి అంటే ఫారం కోడి. రెండు వేల సంవత్సరం దాటాక ఊళ్ళో శంకర్ నగర్ లాంటి కలిగినవాళ్ళ పేటల్లో లవ్‌బర్డ్స్, కాకటీల్స్, రకరకాల విదేశీ చిలుకలు కనిపించసాగాయి. వాటికి జబ్బు చేస్తే మా ఆసుపత్రికే తెచ్చేవారు. ముట్టుకోవడానికి ఎవరూ ముందుకు వచ్చేవారు కాదు. వేలు కొరుకుతుందని భయం, చేతిలో చచ్చిపోతుందని ఇంకా భయం. అలా ఆ పని నా మీద పడింది. ఇష్టపడి ఎంచుకున్నానని చెప్పుకోలేను. ఇష్టం తరువాత పుట్టింది.

పేపరు చదివే డాక్టరు

అప్పుడు మా ఆసుపత్రికి పెద్ద పాఠక్ సార్. ఎవరైనా పిట్టను తెస్తే పంజరాన్ని బల్లమీద పెట్టించి, తాను గది మూలకు వెళ్ళి పేపరు చదువుతూ కూర్చునేవారు. తెచ్చినవాళ్ళకు ఒళ్ళు మండేది. నాకూ మొదట్లో అది బద్ధకంగానే కనిపించింది.

"పిట్ట నిన్ను చూస్తున్నంతసేపూ అది రోగిలా ఉండదు," అని ఒకరోజు చెప్పారు. "అడవిలో జబ్బుగా కనిపించినదాన్నే డేగ ఎత్తుకుపోతుంది. అందుకే దాచుకుంటుంది. అది నిన్ను మరిచిపోయాక చూడు."

ఆయన పేపరు పైనుంచి చూస్తున్నది ఆ మరిచిపోయిన క్షణాన్ని. పావుగంట తరువాత పిట్ట రెక్కలు జారేస్తుంది, కళ్ళు సగం మూస్తుంది, ఒంటికాలి మీద నిలబడలేక రెండు కాళ్ళూ ఆన్చుతుంది. అప్పుడు తెలుస్తుంది దాని అసలు పరిస్థితి.

ఆయన నేర్పిన రెండో సంగతి, ముందు తల చూడమని. పిట్ట ముక్కు దాని తలకు అందదు. ఒళ్ళంతా బోడిగా ఉండి తలమీద మాత్రం ఈకలు నిండుగా ఉంటే, పీకుతున్నది అదే. తల కూడా బోడి అయితే వెతకాల్సింది వేరేచోట: ఈకల్ని ఎదగనివ్వని జబ్బు కావచ్చు, పక్కనున్న పిట్ట పని కావచ్చు. ఒక కంసాలి దంపతులు బోడితల లవ్‌బర్డును తెచ్చి బలమైన మందు రాయమని పట్టుబడితే, సార్ "రెండోదాన్ని వేరే పంజరంలో పెట్టండి" అని మాత్రం చెప్పి పంపేశారు. వారాలు తిరక్కుండానే ఆ తలమీద ముళ్ళలా కొత్త ఈకలు లేచాయి.

చూపు విషయంలో అంతటి గురువు నాకు మళ్ళీ దొరకలేదు. కానీ ఆయనలో నాకు నచ్చని గుణం ఒకటుండేది. మావల్ల పొరపాటు జరిగితే, పశువు తాలూకు మనిషికి ఆ సంగతి చెప్పనిచ్చేవారు కాదు. "పోయినది పోయింది. వాళ్ళు ఏడ్చి ఇంటికెళ్ళారు. నువ్వెందుకు కెలుకుతావు?" అనేవారు. చాలాకాలం నేనూ ఆ మాటే పాటించాను. తిల్దా నుంచి సరోజగారు వచ్చేదాకా.

పండు

సరోజగారి భర్త రాయపూర్‌కు దగ్గర్లోని తిల్దాలో ఒక రైసు మిల్లులో ఫోర్‌మన్. మిల్లు గోడకు ఆనుకునే వాళ్ళ క్వార్టరు. విజయనగరం వైపు మనుషులు. ఆవిడ పంజరానికి పాత చీర చుట్టి, లోకల్ రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చేవారు. అందులో బూడిద రంగు ఒళ్ళు, ఎర్రతోక ఉన్న ఆఫ్రికా చిలుక. మిల్లు సేఠ్ పిల్లలు మోజుపడి కొనిపించుకుని, మోజు తీరాక ఈవిడకు ఇచ్చేశారట. దాని పేరు పండు.

"మా ఆయన గొంతుతోనే అడుగుతాదండీ, టీ పెట్టేవా అని. నేను పొయ్యి ముట్టించి చూస్తే ఈయన ఇంటికే రాలేదు," అని నవ్వుతూ చెప్పారు మొదటిసారి వచ్చినప్పుడు.

పండు రొమ్ము మీద అరచేయంత మేర ఈకలు లేవు. తల, రెక్కలు, వీపు శుభ్రంగా ఉన్నాయి. ఆ రోజుల్లో ఈకలు రాలితే అందరం చేసే పనే నేనూ చేశాను. పేలు, పురుగులు ఉంటాయని సూది వేసి పంపాను. ఒక్క పురుగునైనా కళ్ళతో చూశానా అంటే లేదు. ఇంట్లో ఒంటరిగా పెరిగే పిట్టకు పురుగులు పట్టడం చాలా అరుదని నాకు అప్పటికి తెలియదు.

మూడు వారాల తరువాత ఆవిడ మళ్ళీ వచ్చారు. బోడి మచ్చ పెద్దదైంది. ఈసారి ఇంటి సంగతి అడిగాను.

"ఈమధ్య మీ ఇంట్లో ఏమైనా మారిందా?"

"నేను నర్సరీ బడిలో చేరానండి. మూడు నెలలయింది. పొద్దున వెళ్ళి ఒంటిగంటకి వచ్చెస్తాను." ఆవిడ మొహం వెలిగింది. "పెళ్ళయి పదకొండేళ్ళు. ఇల్లు దాటి నాదని ఒక పని చేసుకోడం ఇదే మొదలు. పిల్లలు వదల్రండి నన్ను, దీదీ దీదీ అని."

"అంతకుముందు రోజంతా దీనికి మీరే కనిపించేవారా?"

"అవునండి."

జవాబు దొరికిందనుకున్నాను. పెంపుడు చిలుకలు ఒంటరితనంతో ఈకలు పీక్కుంటాయని అంతకుముందు వారమే ఎక్కడో చదివాను. కొత్తగా చదివిన సంగతి ఎక్కడ చూసినా అదే కనిపిస్తుంది. "మీరు వదిలేసి వెళ్తున్నారని బెంగ పెట్టుకుందమ్మా. దీనికి మందు నా దగ్గర లేదు. మీ దగ్గరే ఉంది," అన్నాను. ఆ వాక్యం నాకు అప్పుడు చాలా బాగా కుదిరినట్టు అనిపించింది కూడా.

ఆవిడ పంజరం మీది చీర సర్దారు. తరువాత మెల్లగా అన్నారు: "గొంతు కూడా మారిందండీ దీనిది. టీ పెట్టేవా అని ఇదివరకు గట్టిగా అడిగేది. ఇప్పుడు జలుబు చేసినట్టు గొణుగుతాది."

"బెంగ పెట్టుకున్న పిట్ట ఎలా మాట్లాడుతుంది?" అన్నాను.

ఊపిరి తీసినప్పుడల్లా పండు తోక కిందికీ పైకీ కదలడం నేను చూశాను. రైల్లో భయపడి ఉంటుందనుకున్నాను. దాన్ని త్రాసు మీద పెట్టి తూచలేదు. ఎక్స్‌రే గది పది అడుగుల దూరంలో ఉంది. పంపలేదు.

రెండు నెలలు కాకుండానే సరోజగారు భర్తతో కలిసి వచ్చారు. పండు నోరు తెరిచి రొప్పుతోంది. నేను ఆక్సిజన్ గొట్టం దగ్గరికి తెచ్చేలోపు బల్లమీదే పక్కకు ఒరిగిపోయింది.

ఆవిడ ఏడవలేదు. "బడి మానేశానండి నేను," అన్నారు. "మీరు చెప్పిన మర్నాడే మానేశాను. వంట కూడా దీని పక్కనే చేశాను. ఇంకా ఏటి చెయ్యాల్సింది నేను?"

పోస్టుమార్టం చేయడానికి అనుమతి అడిగాను. తల ఊపారు. భర్త ఖాళీ పంజరం పట్టుకున్నాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు.

కోసి చూస్తే

పిట్ట ఒంట్లో ఊపిరితిత్తులతో పాటు గాలి సంచులు ఉంటాయి. ఆరోగ్యంగా ఉంటే అవి పల్చటి ప్లాస్టిక్ కాగితంలా, అవతలి వస్తువు కనిపించేలా ఉంటాయి. పండు ఒంట్లో అవి మందంగా, పచ్చగా, పాత రొట్టెకు పట్టినట్టు బూజు పట్టి ఉన్నాయి. గొంతు పుట్టేచోట, శ్వాసనాళం అడుగున, ఒక గడ్డ ఉంది. మాట మారింది అందుకు. లోపల బాధగా ఉన్నచోటే అది పైనుంచి ఈకలు పీక్కుంది. కడుపునొప్పి వస్తే మనం పొట్ట పట్టుకోమూ, అలాగే. రొమ్ము ఎముక కత్తి అంచులా తేలి ఉంది, అంటే వారాలుగా చిక్కిపోతూ వచ్చింది. సరోజగారు చెప్పిన ప్రతి మాటకూ అక్కడ రుజువు ఉంది. నేను చెప్పినదానికే లేదు.

పాఠక్ సార్ వచ్చి చూశారు. "ఫంగస్. నువ్వు ముందే కనిపెట్టినా బతికేదో లేదో. ఆవిడకు చెప్పి ఏం సాధిస్తావు?"

"ఆవిడ ఉద్యోగం మానేసింది సార్."

"నువ్వు మానమన్నావా?"

"ఆ మాట అనలేదు. మానేసేలా చెప్పాను."

ఆయన చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. ఆ ఆదివారం నేను తిల్దా రైలెక్కాను.

వాళ్ళ ముందుగదిలో మిల్లు వైపు కిటికీ. గట్టు మీద వేలితో పేరు రాయగలిగేంత తవుడు దుమ్ము. పొద్దున తుడిచారట, మళ్ళీ పట్టేసింది. కిటికీ పక్క కొక్కేనికి పంజరం వేలాడేది. వంటింటి వెనక చెమ్మగోడకు ఆనించి పండుకోసం తెచ్చిన వేరుశనక్కాయల సంచి, ముక్కిపోయిన వాసనతో. ఆసుపత్రి బల్ల దగ్గర కూర్చుని బెంగ గురించి మాట్లాడిన నేను, చిలుక ఎక్కడ ఉంటుందీ, ఏం తింటుందీ అని ఒక్కసారి కూడా అడగలేదు.

చూసినదంతా చెప్పాను, ఆ దుమ్ములోంచీ ముక్కిన కాయల్లోంచీ బూజు ఊపిరితో పాటు లోపలికి పోయి ఉంటుందని కూడా. సరోజగారు నేల చూస్తూ విన్నారు.

"అంటే నేను బడికి వెళ్ళడం వల్ల కాదా?"

"కాదమ్మా."

"ఈ కిటికీ దగ్గర పెట్టింది నేనే కదండీ."

"గాలీ వెలుతురూ ఉండే చోటని పెట్టారు. ఎవరైనా అక్కడే పెడతారు. దుమ్ము సంగతి అడగాల్సింది నేను. గొంతు మారిందని మీరు చెప్పారు. వినాల్సింది కూడా నేనే."

అప్పుడు ఆవిడ తలెత్తారు. గొంతు పెంచలేదు. "డాక్టరమ్మా, తెలీనిది తెలీదని అనొచ్చు కదా. అంత గట్టిగా ఎలగ చెప్పేరు? మీరు చదువుకున్నోరని నమ్మి, ఆ పిల్లలు గేటు దగ్గర ఏడుస్తుంటే వదిలేసి వచ్చెశాను నేను."

తప్పు నాదేనన్నాను. పరవాలేదని ఆవిడ అనలేదు. భర్త టీ తెచ్చి ఇచ్చాడు, తాగాను. మర్నాడు సెలవు పెట్టి ఆవిడతో బడికి వెళ్ళి, ప్రధానోపాధ్యాయురాలికి జరిగింది చెప్పాను. ఆ చోటులో అప్పటికే వేరే ఆవిడ చేరిపోయారు. తరువాతి సంవత్సరం స్టేషన్ దగ్గర ఇంకో బడిలో సరోజగారికి పని దొరికిందని, కుక్కకు సూది వేయించడానికి వచ్చిన భర్త చెప్పగా విన్నాను. ఆవిడ మాత్రం నా దగ్గరికి మళ్ళీ రాలేదు. రావాలని కోరుకునే హక్కు కూడా నాకు లేదు.

అప్పటినుంచి నా పని వరస మారింది. పిట్ట వస్తే ముందు చూడడం, తరువాత తూచడం. రెట్టను మైక్రోస్కోపు కింద పెట్టడం, వీలైతే రక్తం, ఎక్స్‌రే. ఏం తింటుంది, ఎక్కడ ఉంటుంది, ఆ గదిలో పొగ, దుమ్ము, అగరుబత్తి, దోమల మందు ఏముంటాయి అని అడగడం. వీటిలో ఏదీ దొరక్కపోతేనే మనసు సంగతి. ఒంటరితనం నిజంగానే ఈకలు పీకిస్తుంది, నేనెన్నో చూశాను. కానీ దాన్ని మొదట అనుమానిస్తే మిగతావి చూడడం మానేస్తాం. పైగా అది వెంటనే ఎవరో ఒకరి నెత్తిన తప్పుగా పడుతుంది. ఇంకొకటి, పెంచేవాళ్ళు చెప్పిన మాటను వాళ్ళ మాటల్లోనే చీటీ మీద రాసుకునేదాన్ని. "జలుబు చేసినట్టు గొణుగుతాది" అన్నదాన్ని నేను రాసుకుని ఉంటే, రెండోసారి చదివినప్పుడైనా ఆగి ఉండేదాన్నేమో.

ముసలమ్మ వేలు

ఇది తేలికైన కేసు. పాత ఊళ్ళోంచి ఒక ఛత్తీస్‌గఢీ ముసలావిడ మనవడు పెంచుతున్న కాకటీలును తెచ్చింది. అది తన కాళ్ళ మీది ఈకలు పీక్కుని, వేళ్ళ చర్మం ఎర్రగా కొరుక్కుంటోంది. "కా హోగే, డాక్టరిన్ బాయి?" ఏమైంది దీనికి అని ఆవిడ అడుగుతూనే ఉంది. తూకం బాగుంది, రెట్ట బాగుంది, తిండి బాగుంది. ఇల్లంతా దీన్ని ముద్దు చేసేవాళ్ళే.

"అమ్మా, పొద్దున లేచిన దగ్గర్నుంచి మీరేం చేస్తారో, ఇది ఎక్కడుంటుందో వరసగా చెప్పండి," అన్నాను.

ఆవిడ సంతోషంగా మొదలుపెట్టింది. లేవగానే డబ్బా తీసి గుడాఖు రుద్దుకుంటుంది. గుడాఖు అంటే పొగాకు, బెల్లం కలిపి చేసే నల్లటి ముద్ద, ఇక్కడ చాలామంది దానితోనే పళ్ళు తోముకుంటారు. అలా రుద్దుకుంటూ వాకిట్లో కూర్చుంటే పిట్ట వచ్చి ఆవిడ వేలిమీద వాలుతుంది. చెబుతూనే ఆ వేలు ముందుకు చాపింది. గోరు దాకా నల్లగా ఉంది.

పొగాకు రసం పిట్ట పల్చటి చర్మానికి మంట పెడుతుంది. ఎక్కడ మండితే అక్కడ పీక్కుంటుంది. నేను ఆవిడను గుడాఖు మానమనలేదు. అరవై ఏళ్ళ అలవాటు పిట్టకోసం పోదు. సబ్బుతో చేతులు కడుక్కున్నాకే పిట్టను ముట్టుకోమని, కూర్చునే కర్రను మార్చమని చెప్పాను. నెల తిరిగేసరికి కాళ్ళు బాగుపడ్డాయి. విచిత్రం ఏమిటంటే ఆవిడ గుడాఖు కూడా తగ్గించింది. మాటిమాటికీ చేతులు కడుక్కోలేక విసుగొచ్చిందట.

మన అడవుల పచ్చచిలుకను ఇంట్లో పెంచడం చట్టప్రకారం నేరం. అలాంటి పిట్టల్ని జనం భయపడి, మరీ ముదిరాక, గుడ్డకప్పి తెస్తారు. కొత్త డాక్టర్లకు చెబుతున్నాను, ముందు వైద్యం చేయండి, తరువాత అటవీశాఖకు అప్పగించే దారి చెప్పండి. మొదటి మాటే గద్దింపు అయితే తలుపు దాటి వెళ్ళిపోతారు. పిట్ట ఆ గుడ్డ కిందే పోతుంది.

ఆరో అంతస్తు

నా ఉద్యోగంలో చివరి ఏళ్ళ కేసు ఒకటి చెప్పి ముగిస్తాను. రమణారావుగారు సచివాలయంలో ఉద్యోగి. తరతరాల రైల్వే కుటుంబం. ఇంకా రైల్వేలోనే పనిచేస్తున్న తండ్రితో పాటు క్వార్టర్లలో ఉండి, నయా రాయపూర్‌లో ఫ్లాటు వచ్చాక భార్య, ఎనిమిదో తరగతి చదువుతున్న కూతురు దివ్యతో అక్కడికి మారారు. వాళ్ళతో పాటు చిన్నీ, పసుపు, నారింజ రంగుల్లో మెరిసే చిన్న జాతి చిలుక. ఆ రంగులు రొమ్ము మీద పోయి, కోడిచర్మం లాంటి బోడితనం మిగిలింది.

తూచాను, రెట్ట చూశాను, రక్తం తీయించాను, ఎక్స్‌రే తీయించాను. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. అప్పుడు వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఆరో అంతస్తు. కిటికీలోంచి చూస్తే వెడల్పాటి రోడ్లు, వాటి మీద ఎప్పుడో ఒక బండి. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా ఇల్లు ఖాళీ. తరువాత హాల్లో టీవీ, లైట్లు, దాని పక్కనే చిన్నీ పంజరం. పాత క్వార్టరు వరండాలో దానికి రోజంతా మనుషులు, కాకులు, రైళ్ళు ఉండేవి. చీకటి పడగానే నిద్ర ఉండేది. ఇక్కడ పగలు చేయడానికి ఏమీ లేదు, తరువాత నిద్రా లేదు.

"చుట్టాలు వస్తే సిగ్గుగా ఉంటోందండీ, దీన్ని చూసి ఏమనుకుంటారోనని," అన్నారు రమణారావుగారి భార్య. "ఎవరికైనా ఇచ్చేద్దామంటే ఇది ఒప్పుకోదు," అని కూతుర్ని చూపించారు.

రమణారావుగారు అడిగారు: "మేడమ్, సచ్ చెప్పండి, నిజం. మేం సరిగా చూసుకోలేదా?"

"మీరు ఇల్లు మారారు, అంతే. దానికి ఇక్కడ ఎలా బతకాలో ఇంకా తెలియలేదు. నాకు కూడా దీని విషయంలో అన్నీ తెలియవు. ఒక్కొక్కటి మార్చి చూద్దాం," అన్నాను.

దివ్య నన్ను లిఫ్టు దాకా దిగబెట్టడానికి వచ్చింది. బటన్ నొక్కి, నా వైపు చూడకుండా అంది: "ఆంటీ, నాక్కూడా ఇక్కడ బాగోదు. స్కూల్ నుంచి వచ్చాక మాట్లాడ్డానికి కోయీ నహీ, ఎవరూ ఉండరు. నేను చెప్తే నాన్న పరేషాన్ అయిపోతారు, లోన్ తీసుకుని మరీ కొన్నారు కదా ఇల్లు."

లిఫ్టు వచ్చింది. నేను ఎక్కలేదు. "నాన్నకు చెప్పమ్మా. ఇల్లు వదిలేయమని నేను ఆయనతో అనను, నువ్వు చెప్పడం వరకే. నేనున్నప్పుడు చెబుతావా?"

మళ్ళీ లోపలికి వెళ్ళాం. ఆ పిల్ల చెప్పింది, వంటింటి గుమ్మం పట్టుకుని. రమణారావుగారు కుర్చీలోంచి లేచారు. తరువాత "మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?" అన్నారు, కోపం లేకుండా. తల్లి వెళ్ళి కూతురి పక్కన నిలబడింది. పశువుల డాక్టరుకు అక్కడ పని లేదు. చెప్పులు వేసుకుని వచ్చేశాను.

వాళ్ళు చేసినవి చిన్న చిన్న పనులే. చిన్నీ పంజరాన్ని సాయంత్రం కాగానే వెనకగదిలోకి మార్చి చీకటి చేశారు. గింజలు గిన్నెలో పోయకుండా కాగితం పొట్లాల్లో, మొక్కజొన్న పొత్తు తొక్కల్లో దాచిపెట్టారు, వెతుక్కుని చించుకుని తినేలా. జామకొమ్మలు కట్టారు. శని, ఆదివారాలు దివ్యనూ చిన్నీనీ తాతగారి క్వార్టరులో దింపేవారు. తాతగారు వరండాలో కూర్చుని చిన్నీకి రైళ్ళ పేర్లు చెప్పేవారట. దివ్యకు పాత స్నేహితురాళ్ళు దొరికారు. ఫలితం వెంటనే రాలేదు. చిన్నీ రెండు నెలలు బాగుండి, దివ్య పరీక్షల రోజుల్లో మళ్ళీ పీక్కుంది. నేను కూడా ఒక దశలో ఆశ వదులుకున్నాను. దివ్య వదులుకోలేదు.

తొమ్మిది నెలల తరువాత నలుగురూ ఆసుపత్రికి వచ్చారు, చిన్నీతో కలిపి లెక్క. బరువు పెరిగింది, కళ్ళు చురుగ్గా ఉన్నాయి, రెక్కల కింద కొత్త ఈకలు. రొమ్ము మధ్యలో రూపాయి బిళ్ళంత చోటు మాత్రం నున్నగానే ఉంది. మాటిమాటికీ పీకిన చోట ఈక మొలిచే కుదురే చచ్చిపోతుంది.

"అక్కడ ఇంక రావా మేడమ్?" అన్నారు రమణారావుగారు.

"రావు. కానీ పీక్కోవడం ఆగిపోయింది."

ఆయన భార్య వైపు చూశారు. ఆవిడ చిన్నీ వైపు చూశారు. చుట్టాల మాట ఆవిడ ఎత్తలేదు. "వేసవి కదా, గాలి తగులుతుంది లెండి," అన్నారు.

బల్లమీద స్టీలు పళ్ళెంలో నీళ్ళు పోశాను. పిట్టలు కొత్తచోట సాధారణంగా స్నానం చేయవు. చిన్నీ అంచుమీద వాలి, ఒకసారి మమ్మల్నందరినీ చూసి, నీళ్ళలోకి దిగింది. రెక్కలు కొట్టుకుంటూ, ఆ బోడి రొమ్మును నీళ్ళలో ముంచి లేపుతూ, నా కళ్ళద్దాల మీదికి, దివ్య యూనిఫాం మీదికి తుంపరలు చిమ్మింది. ఎవరూ వెనక్కి జరగలేదు.